ఏ దేశంలో ఆడపిల్లలు ఆడుతున్నారు?

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో జరిగిన అండర్-19 మహిళల టి-20 ప్రపంచ కప్ ఫైనల్లో భారత జట్టు దక్షిణాఫ్రికాను తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించింది. ఆ మ్యాచ్‌లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో చివరిదాకా నిలిచిన గొంగడి త్రిష భద్రాచలంలో పుట్టిన అమ్మాయి. మొత్తం పోటీల్లో ఆమె 309 పరుగులు చేసింది, ఏడు వికెట్లు తీసింది. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో చేసిన 110 పరుగులు ఈ పోటీల్లో నమోదైన మొట్టమొదటి శతకం. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయల బహుమతి ప్రకటించింది.

ఆమెను మనమూ మనసారా అభినందిద్దాం. అయితే ఇక్కడ మేం చర్చించదలచుకున్నది ఆ గెలుపును కాదు. ఆ పోటీలను భద్రాచలం అడవి అంచున ఒక ప్రాథమిక పాఠశాలలో కూర్చున్న ఎనిమిదేళ్ళ ఆడపిల్లకు మనం ఎలా చెబుతాం, ఆ పోటీల ద్వారా ఆమెకు ఏ ప్రపంచాన్ని పరిచయం చేస్తాం అన్న విషయాన్ని.

ప్రపంచ కప్పులు, ఒలింపిక్స్ వచ్చినపుడు పిల్లలకు వాటి ఆధారంగా దేశాల గురించి చెప్పటం చాలా చోట్ల ఉన్న పద్ధతే. అది మంచి పద్ధతి కూడా. పాఠ్యపుస్తకంలో పేరుగా మాత్రమే కనిపించే దేశం ఆటలో మనుషులుగా కనిపిస్తుంది. 2025 పోటీల్లో పదహారు జట్లున్నాయి. నేపాల్, మలేసియా, నైజీరియా, సమోవా మొదటిసారి ఆడాయి. ఒక ప్రపంచ పటం, పాత పత్రికల్లోంచి కత్తిరించిన నాలుగు ఫోటోలు ఉంటే ఏకోపాధ్యాయ పాఠశాలలో కూడా ఈ పాఠం చెప్పవచ్చు. కానీ మామూలుగా జరిగేదేమిటి? జెండాలకు రంగులు వెయ్యటం, రాజధానులు బట్టీ పట్టటం, చివరికి ఎవరు గెలిచారో చెప్పి చప్పట్లు కొట్టటం. అక్కడితో ఆగిపోతే, దేశమంటే ఒక జెండా, ఒక జట్టు, ఒక గెలుపు అనే పాఠమే పిల్లలకు మిగులుతుంది. ఆ దేశంలో ఎవరున్నారు, వాళ్ళలో ఆడపిల్లలు ఎలా బతుకుతున్నారు, మైదానం దాకా ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు అనే ప్రశ్నలకు అందులో చోటు ఉండదు.

జట్టు వేరు, దేశం వేరు అన్న సంగతి ఈ జాబితాలోనే ఉంది. వెస్టిండీస్ పేరుతో ఒక జట్టు ఉంది గానీ ఆ పేరుతో ఒక దేశం పటంలో లేదు. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, గయానా వంటి వేర్వేరు దేశాల పిల్లలు కలిసి ఆ పేరుతో ఆడతారు. స్కాట్లాండుకు సొంత జట్టు ఉంది గానీ అది బ్రిటన్‌లో భాగం. దేశమంటే ఎవరు గీసిన గీత అనే ఈ ప్రశ్న పట్నం పిల్లలకు కొత్తగా ఉండవచ్చు. భద్రాచలం చుట్టుపక్కల పిల్లలకు మాత్రం అది రోజూ కళ్ళెదుట ఉన్నదే. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, ఆ తర్వాత ఖమ్మంలో చేరింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2016లో ఖమ్మం జిల్లా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం ఏర్పడింది. భద్రాచలం పట్నాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఇప్పుడు వేరే రాష్ట్రం. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. ఈ గీతలన్నిటికీ అటూ ఇటూ ఉన్నది అదే కోయ జనం, అదే భాష, అవే చుట్టరికాలు. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన కుటుంబాల పిల్లలు వీళ్ళు. దేశాల పటం ముందు నిలబెట్టి అడిగితే వీళ్ళు చెప్పగలిగిన జవాబులు మన పుస్తకాల్లో దొరకవు.

ఇదే పోటీల్లో కొన్ని మ్యాచ్‌లు బోర్నియో దీవిలోని సరవాక్ రాష్ట్రంలో, కుచింగ్ అనే నగరంలో జరిగాయి. సరవాక్ మలేసియాలో భాగం. ఇబాన్, బిదాయు, పెనాన్ వంటి ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్న అడవి ప్రాంతం. తమ అడవిని నరికి కలప తోలుకుపోతున్న లారీలను ఆపటానికి పెనాన్ ఆదివాసులు 1987లో దారులకు అడ్డంగా కూర్చున్నారు. బకూన్ ఆనకట్ట కోసం 1990ల చివర్లో దాదాపు పదివేల మందిని వాళ్ళ నదీతీరాల నుంచి ఖాళీ చేయించారు. పోలవరం ముంపు కింద ఊళ్ళు పోతున్న కోయ, కొండరెడ్డి పిల్లలకు సరవాక్ దూరదేశం ఎలా అవుతుంది? రాజధాని కౌలాలంపూర్ అని చెప్పి ఊరుకుంటే మలేసియా ఒక పేరుగానే మిగిలిపోతుంది. అక్కడా అడవి ఉంది, ఆనకట్ట ఉంది, పునరావాస కాలనీ ఉంది, నీళ్ళూ కట్టెలూ మోసే ఆడవాళ్ళున్నారు అని చెబితే అది మనుషులున్న దేశమవుతుంది.

కుచింగ్ మైదానంలోనే 2025 జనవరి 20న నైజీరియా అమ్మాయిలు న్యూజిలాండ్‌ను రెండు పరుగుల తేడాతో ఓడించారు. వానవల్ల పదమూడు ఓవర్లకు కుదించిన మ్యాచ్ అది. నైజీరియా పేరు మనలో చాలామంది 2014లో విన్నాం. చిబోక్ అనే ఊళ్ళో బడి హాస్టలు నుంచి 276 మంది ఆడపిల్లలను సాయుధులు ఎత్తుకుపోయినపుడు. ఆ విషయం పిల్లలకు వయసుకు తగినట్టు చెప్పాలి, దాచనక్కరలేదు. కానీ నైజీరియా అంటే అపహరణ మాత్రమే అనుకోవటం ఆ దేశపు ఆడపిల్లలకు మనం చేసే ఇంకో అన్యాయం. మన ఏజెన్సీ ప్రాంతమంటే బయటివాళ్ళకు తుపాకులూ మలేరియా తప్ప ఇంకేమీ గుర్తు రాకపోవటం లాంటిదే అది. అదే రోజు అదే ఊళ్ళో సమోవా జట్టు 16 పరుగులకే అవుటయింది. గెలిచినవాళ్ళ పేర్లే చెప్పే పాఠంలో సమోవాకు చోటు లేదు. పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల నుంచి అంత దూరం వచ్చి, మొదటిసారి ప్రపంచ వేదిక మీద ఆడి ఓడిన ఆ అమ్మాయిల గురించి కూడా పిల్లలకు చెప్పాలి. మన పిల్లల్లో ఎక్కువమంది అనుభవం గెలిచినవాళ్ళ కంటే వాళ్ళకే దగ్గర.

ఇక జాబితాలో లేని దేశం ఒకటుంది. అఫ్ఘానిస్తాన్ అంతర్జాతీయ క్రికెట్ మండలిలో 2017 నుంచి పూర్తిస్థాయి సభ్యదేశం. ఆ దేశపు పురుషుల జట్టు 2024 టి-20 ప్రపంచ కప్పులో సెమీ ఫైనల్ దాకా వచ్చింది. అమ్మాయిల జట్టు మాత్రం ఎక్కడా లేదు. 2020 నవంబరులో ఇరవై అయిదు మంది మహిళా క్రీడాకారిణులతో అక్కడి బోర్డు ఒప్పందం చేసుకుంది. మరుసటి సంవత్సరం ఆగస్టులో తాలిబాన్లు అధికారంలోకి వచ్చారు. ఆరో తరగతి దాటి ఆడపిల్లలు చదవటానికి వీల్లేదన్నారు. క్రీడాకారిణుల్లో చాలామంది ఆస్ట్రేలియాకు చేరుకున్నారు. వాళ్ళంతా మళ్ళీ ఒక జట్టుగా కూడి 2025 జనవరి 30న మెల్‌బోర్న్‌లో ఒక మ్యాచ్ ఆడారు. కౌలాలంపూర్ ఫైనల్‌కు మూడు రోజుల ముందు. ఒకే దేశం మగవాళ్ళ పట్టికలో ఉండి ఆడవాళ్ళ పట్టికలో లేకుండా పోవటం ఎలా జరుగుతుందో అయిదో తరగతి పిల్లలు తేలిగ్గా అర్థం చేసుకోగలరు. తమ బడిలో, తమ ఇంట్లో అలాంటి పట్టికలు రెండున్నాయని వాళ్ళకు తెలుసు.

ఎందుకంటే ఈ ప్రశ్న తిరిగి మన బడి దగ్గరకే వస్తుంది. ఆ పోటీలు జరిగిన జనవరి, ఫిబ్రవరి నెలలు గోదావరి ఒడ్డు మండలాల్లో మిరప కోతల కాలం. తల్లిదండ్రులు కోతలకు వెళితే చంటిపిల్లను ఎత్తుకుని కూర్చోవటానికి బడి మానేది అక్కే, అన్న కాదు. ఎండాకాలం వస్తే ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. బడికి వచ్చిన రోజున కూడా ఆటల పీరియడు అంటే మగపిల్లలు బంతి తీసుకుని పరిగెత్తటం, ఆడపిల్లలు వరండాలో కూర్చోవటం అనేది మనం ఎన్ని బడుల్లో చూడలేదు? ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. ఆటస్థలం ఉన్నచోట అది ఎవరి చేతిలో ఉందన్నది చట్టం అడగదు. అది మనం అడగాలి.

భాష సంగతీ అంతే. వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో చెప్పాలని అదే చట్టం అంటోంది. కోయతో సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక విద్య చెప్పే ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో మొదలై రెండు దశాబ్దాలు దాటింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే, అందులో మూడో వంతు స్త్రీలకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నెంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. నైజీరియా గురించి కోయలో చెప్పగలిగిన టీచరమ్మ ఆ బడికి వచ్చే అవకాశం ఆ తీర్పుతో ఇంకా తగ్గింది. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు తట్టుకోలేక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లల పరిస్థితి మరీ కష్టం. అక్కడ షెడ్యూల్డ్ తెగగా ఉన్నవాళ్ళకు గీత దాటి వచ్చాక ఇక్కడ ఆ గుర్తింపు లేదు. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం చెబుతున్నా, కాగితాల పేరుతో తిప్పి పంపటం ఆగలేదు. ఏ పట్టికలోనూ పేరు లేని ఈ ఆడపిల్లలకు అఫ్ఘాన్ అమ్మాయిల కథ వేరే ఎవరో వివరించనక్కరలేదు.

త్రిష విజయాన్ని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. ఆ అమ్మాయి శిక్షణ కోసం ఆమె కుటుంబం భద్రాచలం వదిలి హైదరాబాద్‌కు తరలి వెళ్ళవలసి వచ్చింది. ఊరు వదిలి వెళ్ళగలిగిన కుటుంబం, కూతురి ఆటను నమ్మిన తండ్రి ఉంటే తప్ప భద్రాచలం పిల్ల ప్రపంచ కప్పు దాకా వెళ్ళలేకపోవటాన్ని ప్రభుత్వం తన ఘనతగా చెప్పుకోవటానికి వీల్లేదు. గెలిచాక ఇచ్చే కోటి రూపాయలు ఒకరికి చేరతాయి. గెలవకముందు కావలసిన ఆటస్థలం, బంతి, టీచరు, ఒక గంట తీరిక ప్రతి ఆడపిల్లకూ హక్కుగా దక్కాలి.

తర్వాతి అండర్-19 మహిళల ప్రపంచ కప్ 2027లో బంగ్లాదేశ్, నేపాల్‌లలో జరగాలని నిర్ణయమైంది. రెండూ మన పొరుగు దేశాలే. ఆ లోపల భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోనూ, గోదావరికి అవతల ఎటపాక, చింతూరు వైపూ పనిచేస్తున్న సంఘాలు కొన్ని పనులు చెయ్యగలవు. ఏ బడిలో ఆటస్థలం ఉంది, ఆడపిల్లలకు అందులో ఎంత సమయం దక్కుతోంది, కోతల కాలంలో ఎంతమంది ఆడపిల్లలు బడి మానేస్తున్నారు అన్నది ఊరు ఊరుకూ రాసి పెట్టవచ్చు. ఆ వివరాలతో మండల విద్యాధికారినీ, ఐటిడిఎ ప్రాజెక్టు అధికారినీ కలవవచ్చు. కోతల నెలల్లో చంటిపిల్లలకు అంగన్‌వాడీ పూర్తి రోజు నడపాలని అడగవచ్చు. టీచర్లతో కూర్చుని ఈ దేశాల పాఠాన్ని కోయలోనూ తెలుగులోనూ తయారు చెయ్యవచ్చు. మీ ఊరి బడిలో మీరు గమనించింది మాకు రాసి పంపండి. వచ్చిన వాటిని తర్వాతి సంచికల్లో ప్రచురిస్తాం.