ప్రేమిస్తే కవులైపోరు

ప్రేమలో పడ్డవాడు కవి అవుతాడనీ, ప్రేమించనివాడికి ప్రేమ కవిత్వం చేతకాదనీ మనలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. ముందుమాటల్లోనూ ఆవిష్కరణ సభల్లోనూ “అనుభవించి రాశారు” అన్నదే పెద్ద మెప్పు. ఆ మెప్పు వెనకాలే “ఇంతకీ ఆమె ఎవరు?” అన్న ఆరా బయల్దేరుతుంది. ఈ నమ్మకం వినడానికి ఇంపుగానే ఉంటుంది గానీ మన సాహిత్య చరిత్ర దానికి సాక్ష్యం పలకదు. పైగా దానివల్ల అన్యాయమైపోయినవాళ్లూ ఉన్నారు.

తెలుగు శృంగార కవిత్వంలో శిఖరాలు ఏవంటే పదిహేనో శతాబ్దపు అన్నమయ్య సంకీర్తనలూ, పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాలూ ముందు గుర్తొస్తాయి. రెండింటిలోనూ రాసింది మగవాడు, చాలాచోట్ల మాట్లాడేది ఆడది. ఎదురుచూసి విసిగినామె, మోసాన్ని నిలదీసే ఆమె, ప్రియుడి ముందు సొమ్ము లెక్కలు తేల్చుకునే వేశ్య, నడుమ రాయబారం నడిపే చెలికత్తె, అందరూ క్షేత్రయ్య పదాల్లో ఎవరి గొంతుతో వాళ్లే పలుకుతారు. ఇన్ని గొంతులూ ఒక మగవాడి సొంత ప్రేమకథలోంచి ఊడిపడ్డాయనలేం. నాట్యశాస్త్రం నాటి అష్టవిధ నాయికల సంప్రదాయం, రాగతాళాల కట్టుబాటు, ఆ పదాన్ని పట్టి అభినయించే నర్తకి అవసరం, వీటన్నిటి మీదా పట్టున్న కవి ఆ గొంతులను సృష్టించాడు. ఆధునికుల సంగతీ ఇంతే. న్యాయవాది నండూరి సుబ్బారావు పల్లె పడుచు ఎంకికీ, ఆమె నాయుడుబావకూ గొంతునిచ్చాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1951 నాటి ‘మల్లీశ్వరి’ సినిమాకు పాటలు రాసినప్పుడు, రాయల కాలంలో నడిచే కథలోని ప్రేమికుల విరహం సన్నివేశాన్ని బట్టి రావాల్సి వచ్చింది. ఆ పాటల ఆర్ద్రత అందువల్ల తగ్గిందని ఎవరూ అనలేదు.

కవితను కవి వాంగ్మూలంగా చదివితే ఏమవుతుందో ముద్దుపళని ఉదంతం చెబుతుంది. తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఆ వేశ్యాకవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాసింది. ప్రబంధాల్లో మగకవులు ఎంత పచ్చిగా రాసినా అది కావ్యధర్మమని సరిపెట్టుకున్న పెద్దలు, ఆమె రాసేసరికి కావ్యాన్ని వదిలి ఆమె కులవృత్తినీ శీలాన్నీ చర్చకు పెట్టారు. ఇలాంటి సంగతులు స్త్రీ నోట రాదగినవి కావన్న ధోరణిలో కందుకూరి వీరేశలింగం తప్పుపట్టారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో సరైన పాఠంతో ఆ కావ్యాన్ని అచ్చువేయించి, మగకవులకు లేని నియమం ఆడవాళ్లకే ఎందుకని నిలదీశారు. మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. మగవాడు రాస్తే కళ, ఆడది రాస్తే ఒప్పుకోలు అనే ఈ రెండు నాలుకల నీతికి బలమిచ్చింది అనుభవమే కవిత్వమన్న నమ్మకమే.

దీనికి ఎదురుగా విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ని చూపిస్తారు. భార్య పోయిన దుఃఖంలోంచే అది పుట్టిందనడంలో సందేహం లేదు. అయితే భార్యను పోగొట్టుకున్నవాళ్లు లోకంలో లెక్కలేనంతమంది ఉన్నారు, త్రిశతి రాయగలిగింది మాత్రం అప్పటికే పద్యం చెయ్యి తిరిగినవాడు. దుఃఖం సందర్భాన్నిచ్చింది, పద్యాన్ని సాధన ఇచ్చింది. ఇలాగైతే ప్రేమ కవిత్వమంతా నటనేనా అని మరొకరు అడగవచ్చు. కవి ప్రేమించాడా లేదా అన్నదాన్ని బట్టి తేలే విషయం కాదిది. సొంత సుఖదుఃఖాలు వ్యక్తి హద్దులు దాటి అందరివీ అయితేనే రసమని ఆలంకారికుడు భట్టనాయకుడు ఏనాడో చెప్పాడు. ఆ సాధారణీకరణం జరిగిందనడానికి సాక్షి పాఠకుడు, కవి జీవితచరిత్ర కాదు.

నిజాయితీ ఒక్కటే చాలదనడానికి భావకవిత్వపు చివరి రోజులు చూడండి. ప్రబంధాల అరిగిపోయిన వర్ణనల మీద తిరుగుబాటుగా వచ్చిన ఆ కవిత్వం కొద్ది కాలానికే అనుకరణల పాలైంది. ఊహాప్రేయసులూ, ఉత్త నిట్టూర్పులూ, కన్నీళ్లూ జరుక్ శాస్త్రి పేరడీలకు మేత అయ్యాయి. అలా రాసిన కుర్రాళ్లంతా ప్రేమించలేదనుకోవడానికి వీల్లేదు. వాళ్లలో చాలామంది నిజంగానే ప్రేమించి ఉంటారు. లోటు భాషలో ఉంది, చూపులో ఉంది.

కాబట్టి విమర్శకులకు ఒక విన్నపం. ప్రేమ కవిత చేతికొస్తే ఎవరికోసం రాశారని కూపీ లాగకండి, ఎలా రాశారో చూడండి. కొత్తగా రాసేవాళ్లకూ ఒక మాట. ప్రేమించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కవిత్వానికి మాత్రం క్షేత్రయ్యనూ ముద్దుపళనినీ చదవక తప్పదు.