చట్టంలో లేకుండా పోయిన ఒక్క సెక్షను

సోమవారం నాడు సుబేదారిలోని కలెక్టరాఫీసుకు ప్రజావాణి కోసం వచ్చే రైతుల చేతిసంచులు ఇప్పించి చూస్తే దాదాపు అన్నింట్లో అవే కాగితాలు ఉంటాయి. పాత పహాణీ నకలు ఒకటి, పాసు పుస్తకం జిరాక్సు ఒకటి, మడతల దగ్గర చిరిగిన తెల్లకాగితం ఒకటి. ఆ తెల్లకాగితమే సాదాబైనామా. ఇరవై, ముప్పై ఏండ్ల కింద ఊరి పెద్దమనుషుల ముందట రాసుకున్న కొనుగోలు కాగితం. ఎకరం పది గుంటలో, అరెకరమో కొనుక్కున్న చిన్న రైతు అప్పట్లో రిజిస్ట్రేషను ఖర్చు భరించలేక, అమ్మినవాని మాట మీద నమ్మకంతో దీనితోనే సరిపెట్టుకున్నాడు. దున్నుతున్నది ఈయన, పట్టా ఇంకొకరిది.

ఈ కాగితానికి విలువ ఇచ్చే దారి ఒకప్పుడు చట్టంలో ఉండేది. 1971 నాటి భూమి హక్కుల రికార్డు చట్టంలో తరువాతి కాలంలో 5-ఎ అనే సెక్షను చేర్చారు. దాని కింద దరఖాస్తు పెడితే ఎమ్మార్వో విచారణ జరిపి, కొన్నది నిజమేనని తేలితే 13-బి సర్టిఫికెట్టు ఇచ్చేవారు. అది చేతికొస్తే రిజిస్ట్రేషను అయినట్టే లెక్క. తెలంగాణ వచ్చినంక 2016లో మరోసారి అవకాశం ఇచ్చి, అయిదెకరాల దాకా స్టాంపు డ్యూటీ కూడా మాఫీ చేశారు.

ఆ తరువాత 2020లో జరిగిన సంగతి ప్రతి చిన్న రైతూ తెలుసుకోవలసినది. ఆ సంవత్సరం సెప్టెంబరు 9న కొత్త రెవెన్యూ బిల్లు శాసనసభలో పెట్టారు. 11న సభ ఆమోదించింది. అక్టోబరు 29న ధరణితో పాటు చట్టం అమలుకు వచ్చింది. 1971 చట్టం రద్దయింది. దాంతోనే 5-ఎ కూడా పోయింది. కొత్త చట్టంలో సాదాబైనామాకు చోటు పెట్టలేదు. ఇక చూడండి చిత్రం: అదే ప్రభుత్వం అదే అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా సాదాబైనామా దరఖాస్తులు పెట్టుకోమని రైతులను పిలిచింది. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. రాష్ట్రమంతా కలిపి సుమారు తొమ్మిది లక్షల దరఖాస్తులు వచ్చాయి. నవంబరులో వ్యవహారం హైకోర్టుకు పోయింది. రద్దయిన చట్టం కింద దరఖాస్తులు ఎట్లా పరిష్కరిస్తారని కోర్టు అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. దరఖాస్తులు అక్కడనే ఆగిపోయినాయి.

అట్లా ఒక సెక్షను లేకపోవడం వల్ల అయిదేండ్లు పోయినాయి. ఆ అయిదేండ్లలో రైతుబంధు పైసలు పట్టాదారు ఖాతాలో పడ్డాయి, దున్నినాయనకు పడలేదు. రైతుబీమా పట్టాదారుకే. బ్యాంకు అప్పుకు పాసు పుస్తకం కావాలె. 2025లో పత్తి అమ్ముకునేందుకు సీసీఐ తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో కూడా భూమి వివరాలే అడిగారు. ఇన్నింటికీ మూలం పాసు పుస్తకం అయినప్పుడు, అది లేని రైతు ఉన్న ఊళ్లోనే పరాయివాడైపోతాడు.

ఇందులో మన ఎమ్మెల్యేల పాత్ర ఏమిటన్నదే అడగవలసిన మాట. ఒక పార్టీని తప్పుపట్టడానికి కాదు. 2020లో ఒక పార్టీ ప్రభుత్వం, 2024లో ఇంకొక పార్టీ ప్రభుత్వం, బిల్లు నడిచిన తీరు మాత్రం ఒక్కటే. భూభారతి బిల్లు 2024 డిసెంబరు 18న సభలోకి వచ్చింది, 20న ఆమోదం పొందింది. ఆ రోజు ఫార్ములా-ఈ కేసు మీద గొడవతో సభ అట్టుడికింది, ఆ గందరగోళం నడుమనే బిల్లు గట్టెక్కింది. లక్షలాది రైతు కుటుంబాల భూమి మీద తీర్పు చెప్పే చట్టానికి రెండుసార్లూ దక్కింది మూడేసి రోజులు. పెద్ద బిల్లు వస్తే సెలెక్టు కమిటీకి పంపి, సెక్షను సెక్షను చదివి, సవరణలు రాసి తిరిగి సభకు తెచ్చే పద్ధతి శాసనసభలో ఎప్పటి నుంచో ఉన్నది. 2020లో అట్లా పది రోజులు కూర్చుని చదివితే 5-ఎ పోయిన సంగతి ఎవరో ఒకరి కంటికి ఆనకపోయేదా?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. భూభారతి ముసాయిదాను 2024 ఆగస్టులో ప్రజల ముందు పెట్టి సలహాలు అడిగారు. అది మంచి పని. ఫలితం కూడా కనిపించింది. ధరణి కాలంలో తహసీల్దారు తప్పు చేస్తే అప్పీలు పోయే చోటు లేదు, సివిల్ కోర్టే గతి. సివిల్ కోర్టంటే ఎకరం రైతుకు ఆ ఎకరం అమ్ముకునే దారి. కొత్త చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది. ఆర్డీవో, కలెక్టరు, ఆ పైన ట్రిబ్యునలు. పేదలకు ఉచిత న్యాయ సహాయం అన్న మాట కూడా రాసుకున్నారు. 2025 ఏప్రిల్ 14న చట్టాన్ని అమలుకు తెచ్చి, ముందుగా నాలుగు మండలాల్లో పరీక్షించారు. వాటిలో ఒకటి మన పాత జిల్లాలోని వెంకటాపూర్. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. ఆగస్టులో హైకోర్టులో చిక్కు వీడిన తరువాత సాదాబైనామా దరఖాస్తులకు కూడా కదలిక వచ్చింది.

అయితే ఇక్కడ కూడా మెలిక ఉన్నది. చట్టం అవకాశం ఇచ్చింది 2020 అక్టోబరు-నవంబరు నెలల్లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే. కరోనా కాలంలో ఊరు కదలలేకపోయిన ముసలాయన, బొంబాయికి కూలికి పోయిన కొడుకు, చదువురాని ఒంటరి ఆడమనిషి, వీళ్లు ఆ నెల రోజుల్లో దరఖాస్తు పెట్టుకోలేదు. వీళ్లది కూడా తెల్లకాగితమే, వీళ్లు కూడా దున్నుతున్నోళ్లే. వీళ్లకు దారి చూపాలంటే కలెక్టరుగారి చేతిలో పని కాదు. చట్టాన్ని సవరించాలి. అది ఎమ్మెల్యేల పని.

మరి మనం ఎమ్మెల్యేను ఏం అడుగుతున్నాం? బిడ్డ పెండ్లికి రమ్మంటాం. బతుకమ్మ ఆటకు, బొడ్రాయి పండుగకు పిలుస్తాం. సీఎంఆర్ఎఫ్ చెక్కు, కల్యాణలక్ష్మి చెక్కు చేతికిచ్చి ఫొటో దిగితే సంతోషపడతాం. పెండ్లికి రాకుంటే అయిదేండ్లు గుర్తు పెట్టుకుంటాం, సభలో భూమి బిల్లు రోజు నోరు తెరవకుంటే మనకు తెలియను కూడా తెలియదు. రావద్దని కాదు. చావుకూ పెండ్లికీ వచ్చేవాడే మనోడు అనుకునుడు మన పద్ధతి, అందులో తప్పేమీ లేదు. కాని పెండ్లికి చుట్టాలు చాలామంది వస్తారు. సభలో సవరణ పెట్టగలిగింది మాత్రం 119 మందే.

సుబేదారి విషయంలో ఇంకొక చిక్కున్నది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కలెక్టరాఫీసు ఉన్నది వరంగల్ పశ్చిమ నియోజకవర్గంలో. అది పట్నం సీటు. అక్కడికి వచ్చే రైతులు మాత్రం పట్నం ఓటర్లు కారు. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి వాళ్లు హుస్నాబాద్‌లో ఓటేస్తారు. కమలాపూర్ వాళ్లది హుజూరాబాద్. పరకాల, నడికూడ, ఆత్మకూరు, దామెర వాళ్లది పరకాల. ధర్మసాగర్, వేలేరు ఘన్‌పూర్ కింద, హసన్‌పర్తి, ఐనవోలు వర్ధన్నపేట కింద, శాయంపేట భూపాలపల్లి కింద. అంటే హన్మకొండ జిల్లా రైతుకు ఏడుగురు ఎమ్మెల్యేలు. ఏడుగురున్నా సోమవారం లైను ఏ ఒక్కరి లెక్కలోకీ రాదు. ఎవరి నియోజకవర్గం నుంచి చూసినా అది చిన్న ముక్కే. నిజాం కాలంలో సుబేదారు కొలువు ఉన్నందుకే ఈ చోటుకు సుబేదారి అని పేరు. అప్పుడు అర్జీ ఒక్కరికే పెట్టేవారు. ఇప్పుడు పెట్టేది ఒకచోట, దానికి జవాబుదారీ వహించవలసినవాళ్లు ఏడు చోట్ల.

ఈ ఏడుగురూ పార్టీలు పక్కకు పెట్టి ఒక పని చేయవచ్చు. ప్రతి శాసనసభ సమావేశాలకు ముందు ఒక్క రోజు సుబేదారిలో కూర్చుని, సాదాబైనామా దరఖాస్తులు ఎన్ని వచ్చినాయి, ఎన్ని తిరస్కరించినారు, ఏ కారణం మీద తిరస్కరించినారు అని మండలాలవారీగా లెక్క తీయించాలి. ఆ లెక్కను ప్రశ్నగా సభలో వేయాలి. అమ్మినాయన చనిపోయి, ఆయన వారసులు నోటీసు అందుకొని "ఇంకొన్ని పైసలిస్తేనే ఒప్పుకుంటం" అంటున్న కేసులు ఎన్ని ఉన్నాయో ఆ లెక్కలో బయటపడాలి. భూమి ధర ఇంతగా పెరిగినంక పాత మాట మీద నిలబడే వారసులు తక్కువ. అట్లాంటి చోట కాస్తు రుజువు, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యం చాలునని నిబంధన స్పష్టంగా ఉంటేనే పేదవాడు గట్టెక్కుతాడు. రిజిస్ట్రేషనుకు సర్వే పటం జతచేయాలన్న నియమం సంగతి కూడా అంతే. నియమం మంచిదే, గట్టు తగాదాలు తగ్గుతాయి. పది గుంటల రైతు మీద సర్వేయరు ఖర్చు ఎంత పడుతుందో, అది ప్రభుత్వం భరిస్తుందో లేదో ఎవరో ఒకరు సభలో నిలబడి అడగాలి.

కౌలు రైతుల గురించి రాయాలంటే వేరే వ్యాసమే కావాలి. వారి కోసం 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే రుణ అర్హత కార్డుల చట్టం వచ్చిందని మాత్రం ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

దరఖాస్తు పెట్టుకున్న రైతులకు రెండు మాటలు. మీసేవ రసీదు పోగొట్టుకోవద్దు, అది 2020 నాటిదైతే ప్రాణంతో సమానం. దరఖాస్తు కొట్టివేస్తే నోటిమాటతో ఊరుకోక రాతపూర్వకంగా ఉత్తర్వు తీసుకోండి. అది చేతికి వచ్చిన తేదీ దాని మీదనే రాసిపెట్టుకోండి, ఎందుకంటే అప్పీలుకు గడువు ఉంటుంది. కాస్తు చూపించే పాత పహాణీలు, నీటితీరువా రసీదులు, పత్తి అమ్మిన తక్‌పట్టీలు అన్నీ ఒకచోట పెట్టండి. ఎమ్మెల్యేగారు ఈసారి ఊరికి వచ్చినప్పుడు దండ వేసినంక ఆ రసీదు నకలు ఒకటి ఆయన చేతిలో పెట్టి, నెంబరు రాసుకొమ్మనండి.