పునాది సంగతి ఎవరడుగుతారు?

కూకట్‌పల్లిలో ఫ్లాటు చూడబోయినవారు ఏమడుగుతారు? లిఫ్టు ఉందా, కారుకు చోటుందా, మంజీరా నీళ్లొస్తాయా అని. కింద నేల ఎట్లాంటిదని అడిగినవారు నాకింతవరకు కనబడలేదు.

"బండ మీద ఉన్నాం, మనకు భూకంపాలేమిటి?" అని మన ధీమా. నిజమే, 2016 నాటి భారత ప్రమాణాల పటం హైదరాబాదును అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 2లో చూపింది. కాని 1983లో పక్కనున్న మేడ్చల్ దగ్గరే భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం ఇక్కడిదాకా తెలిసింది. 1993లో వేలమందిని పొట్టన పెట్టుకున్న కిల్లారి కూడా ఆనాటి పటంలో అతి తక్కువ ప్రమాదమున్న జోన్‌లోదే!

పైగా కూకట్‌పల్లి అంతా బండ కాదు, ఇది చెరువులున్న ఊరు. మెత్తటి నేలలో, పోసిన మట్టిలో గట్టి పొర తగిలేదాకా పైల్స్ దించి కట్టడం లేపుతారు. పైల్ బరువు మోస్తుంది, సందేహం లేదు. అయితే భూకంపం పక్కకు ఊపుతుంది.

మా జొన్నచేలో మంచెకు నాలుగు గుంజలు పాతేవాళ్లం. పొడినేలలో అవి కదలవు. ముసురు పట్టి నేల నానిందా, గాలికి మంచె ఊగినకొద్దీ గుంజ చుట్టూ సందు పడుతుంది. పైల్ కథా అంతే. పైన భవనం ఊగి దాని తలను లాగుతుంది. కింద మెత్తటి మట్టి ఒక తీరుగా, గట్టి పొర మరో తీరుగా కదిలి దాని నడుము వంచుతాయి. నీళ్లు నిండిన వదులు ఇసుకైతే మరీ ప్రమాదం. కుదుపులకు నీటి ఒత్తిడి పెరిగి, ఇసుక బురదలా జారి, పైల్‌కు పక్క ఆసరా పోతుంది. 1964లో జపాన్‌లోని నీగాటలో కొత్తగా కట్టిన షోవా వంతెన కూలింది. 2001లో గుజరాత్‌లోని కాండ్లా రేవులో పైల్స్ మీది కార్యాలయ భవనం ఒరిగింది. చెరువు బంకమట్టి ఇసుకలా తేలిగ్గా జారదు గాని, కంపాన్ని పెంచగలదు.

కనుక "పైల్స్ వేశాం, ఇక భయం లేదు" అన్నది సగం నిజమే. నేను కోరేది పెద్ద విషయం కాదు. ఫ్లాట్ల ధరలు రాసిన బోర్డు పక్కనే ఇంకో బోర్డు పెట్టాలి. ఎన్నిచోట్ల బోరు వేసి మట్టి చూశారు, ఎంత లోతులో బండ తగిలింది, నీటిమట్టం ఎక్కడుంది, పక్కఊపుకు లెక్క కట్టారా - ఇవన్నీ దాని మీద రాయాలి. ఖర్చెక్కువవుతుందంటారేమో! చేసిన పరీక్షను పదిమందికీ చూపడానికి ఖర్చేముంది?

గింజ వేసేముందు రైతు నేలను చేతిలోకి తీసుకుని చూస్తాడు. బతుకంతా కూడబెట్టింది పెట్టి ఇల్లు కొనేవాడు ఆ మాత్రం అడగొద్దా?