మనిషిని తినేవాడి చిరునామా

భయపెట్టే కథలంటే మా హాస్టల్లో అందరికీ ఇష్టమే. కరెంటు పోయిన రాత్రి వరండాలో చాపలు పరుచుకొని చెప్పుకునే దెయ్యం కథల ముందు ఏ సినిమా పనికిరాదు. కాబట్టి అలాంటి కథలు వద్దని మేము అనడం లేదు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. మన కథల్లో మనిషిని తినేవాడిని తీసుకెళ్ళి అడవిలోనే ఎందుకు కాపురం పెట్టిస్తారు?

చిన్నప్పుడు విన్న కథల్లో నరవాసన పసిగట్టే రాక్షసుడుండేది అడవిలో. భారతంలో హిడింబుడిదీ అడవే. సినిమాల్లో ఆకులు చుట్టుకొని, హీరోను స్తంభానికి కట్టి చుట్టూ గెంతేవాళ్ళూ అడవి మనుషులే. ఆ సీనుకు హాలంతా నవ్వుతుంది. మేడారం చుట్టుపక్కల కోయగూడేల నుంచి వచ్చిన మా స్నేహితులు మాత్రం నవ్వలేరు. ఇళ్ళలో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్ళం మేము. పట్నం కాలేజీలో చేరిన వారానికే “మీ దగ్గర నరబలులు ఇస్తారటగా?” అని అడిగించుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, సినిమా చూసి వచ్చారంతే.

ఈ ముద్ర పాతది. ‘కానిబాల్’ అనే మాటే కొలంబస్ కాలంలో కరీబియన్ దీవుల జనం పేరు నుంచి పుట్టింది. నరమాంసం తినేవాళ్ళను బానిసలుగా పట్టుకోవచ్చని 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా అనుమతించింది. ఇంకేముంది, బానిసలు కావలసిన చోట ఆ ముద్ర పనికొచ్చింది. అదే యూరప్‌లో 16, 17 శతాబ్దాల్లో మమ్మీల పొడిని మందుల దుకాణాల్లో అమ్మారు, డబ్బున్నవాళ్ళు కొని మింగారు. దాన్ని మాత్రం వైద్యం అన్నారు!

మనమూ తక్కువ తినలేదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనూ, శ్రీనాథుడి హరవిలాసంలోనూ సిరియాళుని కథ ఉంది. శివుడు తపసి వేషంలో వచ్చి నరమాంసం కోరితే తల్లిదండ్రులు కన్నకొడుకునే వండి పెడతారు. చివరికి కొడుకు బతికి వస్తాడనుకోండి. ఆ భక్తిని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. అదే కథ కోయగూడెంలో జరిగినట్టు రాస్తే దానికి ఏం పేరు పెట్టేవారో చెప్పమంటున్నాం.

ఇంగ్లీషువాళ్ళ గోతిక్ కథలు ఈ విషయంలో కొంత నయం. బ్రామ్ స్టోకర్ 1897లో సృష్టించిన డ్రాకులా కోటలో ఉండే దొర. స్వీనీ టాడ్ కథలో మనిషి మాంసం కూరిన రొట్టెలు అమ్ముడుపోయేది లండన్ నడిబొడ్డున. ఈ సంగతి మన పల్లెజనానికి ఎప్పుడో తెలుసు. వడ్డీ వ్యాపారి గురించి మా అమ్మలు “రక్తం తాగుతుండు” అంటారు. దొరలను తలుచుకొని తాతలు “పీక్క తిన్నరు” అంటారు. వాళ్ళలో కొందరికి సంతకం కూడా రాదు. మనిషిని తినేవాడు ఎక్కడుంటాడో మాత్రం తెలుసు.

మన దగ్గర కోటలకేం కొదవ? గడీలున్నాయి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ఒరిగిపోయాడు. పాలకుర్తిలో ఐలమ్మ పంట మీదికి మనుషుల్ని పంపిందీ ఆ దేశ్‌ముఖే. గోతిక్ కథకు ఇంతకంటే సరుకేం కావాలి? అయినా మన దెయ్యం సినిమాలకు గడీ అంటే గబ్బిలాలు ఎగిరే సెట్టింగే. 2009లో వచ్చిన ‘అరుంధతి’లో కథ గద్వాల కోట చుట్టూ తిరుగుతుంది. విలన్ క్షుద్రశక్తులు నేర్చుకొచ్చింది మాత్రం ఊరవతల అఘోరాల దగ్గర.

ఇక మేడారం సంగతి. అక్కడ విగ్రహాలు లేవు. తల్లులు కుంకుమభరిణె, వెదురు రూపాల్లో గద్దెలెక్కుతారు. భక్తులు నిలువెత్తు బెల్లం తూచి ‘బంగారం’ అని సమర్పిస్తారు. యాటలు కోస్తారు, నిజమే. పట్నం పెళ్ళిళ్ళలో కొయ్యరా? జనం చెప్పుకునే కథ ప్రకారం, కరువులో పన్ను కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం అడవి మీదికొచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణం వదిలాడు. ఆ వాగు ఎర్రబారింది ఎవరి నెత్తురుతో?

వచ్చే సంచికకు దెయ్యం కథ రాద్దామనుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రాక్షసుణ్ణి ఈసారి గడీలో పెట్టి రాసి పంపండి. జాతర బస్సులో చదువుకుంటాం.