మత్తుమందులు – చట్టం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. రోశమ్మ మొదలైన వారి పట్టుదల ఊరు దాటి జిల్లా అంతటా, ఆపై రాష్ట్రమంతటా వ్యాపించింది. సారా వేలంపాటలను స్త్రీలు చాలాచోట్ల జరగనివ్వలేదు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అయితే అది ఎంతోకాలం నిలవలేదు. చుట్టూ ఆంధ్రదేశం, నడుమ పుదుచ్చేరి పాలనలోని యానాం. అక్కడ నిషేధం లేదు. పొద్దువాలితే చుట్టుపక్కల ఊళ్ళ తాగుబోతులు యానాం దారి పట్టేవారు. పొరుగు రాష్ట్రాల సీసాలు దొంగదారిన వచ్చేవి. 1997లో నిషేధాన్ని సడలించక తప్పలేదు. కాని సారాను మాత్రం అప్పుడు కూడా తిరిగి రానివ్వలేదు.

ఇందులో ఒక సంగతి గమనించదగ్గది. ఆ స్త్రీలు తమ భర్తలను జైల్లో పెట్టమని ప్రభుత్వాన్ని కోరలేదు. అమ్మకాన్ని ఆపమన్నారు. తాగి వచ్చినవారికి కొన్ని ఊళ్ళలో స్త్రీలే బుద్ధి చెప్పిన మాట నిజమే. అయినా వారి పోరాటం దుకాణం మీద, వేలంపాట మీద.

గంజాయి, నల్లమందు, హెరాయిన్ వంటి మత్తుమందుల విషయంలో చట్టం మరొక దారి తొక్కింది. 1985లో భారత పార్లమెంటు చేసిన మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం పండించడం, దాచడం, రవాణా చేయడం, అమ్మడమే కాక, వాడడం కూడా నేరమే. హెరాయిన్ వాడినవారికి ఏడాది వరకు, గంజాయి వాడినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. జుల్మానాతో సరిపెట్టే వీలూ ఉంది. వింత ఏమిటంటే, పూతతో కలవని గంజాయి ఆకును ఈ చట్టం గంజాయిగా లెక్కించలేదు. అందుకే ఉత్తరాదిన పండుగనాడు భంగు తాగేవారి జోలికి అది పోదు. మొక్క ఒకటే, పూతకు శిక్ష, ఆకుకు మినహాయింపు!

అమ్మేవారికి శిక్షలు మరింత కఠినం. ఇరవై కిలోలకు మించిన గంజాయితో పట్టుబడితే పదేళ్ళకు తక్కువ కాని కఠిన కారాగారం. మరి సరుకు ఆగిందా? ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో 2021 చివర పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఒక్కరోజే రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. చట్టం వచ్చిన ముప్పయ్యారేళ్ళకు కూడా తగులబెట్టడానికి అంత సరుకు దొరికింది! ఆ తోటలు వేసినవారిలో గిరిజన రైతులు ఎందరో. పసుపుకో కాఫీకో సరైన ధర దొరకని చోట, ముందే డబ్బు చేతిలో పెట్టి పంట కొనుక్కుపోయే వ్యాపారి దేవుడిలా కనిపిస్తాడు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో పట్నంలో చల్లగా ఉంటాడు. పట్టుబడేవాడు కొండమీది రైతు, లేదా కూలికి ఆశపడి మూట మోసిన కుర్రవాడు. పెద్ద వ్యాపారి మీద చట్టం ఇంకా గట్టిగా బిగియాలి. అందులో రెండో మాట లేదు.

వాడేవాడి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ దేశమంతటా సర్వే జరిపి 2019లో నివేదిక ఇచ్చింది. నిషిద్ధ మత్తుమందులకు బానిసలైన ప్రతి ఇరవై మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నదని అందులో తేలింది. మిగిలిన పందొమ్మిది మంది ఎందుకు రాలేదు? చాలాచోట్ల ఆసుపత్రే దగ్గరలో లేదు. ఉన్నచోట నలుగురిలో తలవంపులు. ఆపైన పోలీసుల భయం. జ్వరం వచ్చినవాడు జ్వరమని చెబుతాడు. జైలుకు పంపే జబ్బును ఎవరు చెప్పుకొంటారు? కొడుకు జేబులో పొట్లం చూసిన తల్లి కూడా ఇరుగుపొరుగుకు తెలియకుండా కొంగున దాచుకొంటుంది. చెప్పుకోవలసిన వేళ దాటిపోతుంది.

పిల్లల విషయంలో ఈ చట్టం అసలే అక్కరకు రాదు. పెద్దల కంటే పిల్లలు ఎక్కువ శాతంగా వాడే మత్తు ఒకటే ఉన్నదని ఆ నివేదిక చెప్పింది. అది వాసన పీల్చే మత్తు. సైకిలు పంక్చరు అతికించే సొల్యూషను, రంగులలో కలిపే థిన్నరు వంటివి 1985 చట్టంలోకి రావు. రావడానికీ వీలులేదు, అవి లేకపోతే సైకిలు షాపు నడవదు.

శిక్ష భయం తీసేస్తే కుర్రకారు బాహాటంగా మత్తులో మునుగుతారని కొందరి వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇలాగే చేసి చూసింది. 2021లో అక్కడ కొద్దిపాటి మత్తుమందు దగ్గర ఉంచుకోవడం నేరం కాకుండా పోయింది. చికిత్సా కేంద్రాలు మాత్రం వేళకు ఏర్పడలేదు. వీధులలోనే మత్తు వాడుతున్నారని జనం గగ్గోలు పెట్టారు. 2024లో మళ్ళీ నేరం చేశారు. పోర్చుగల్ కథ వేరు. అక్కడ 2001 నుండి పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాడు కోర్టుకు పోడు. వైద్యం, సమాజసేవ తెలిసినవారు ఉన్న సంఘం ముందుకు వెళతాడు. చికిత్స కూడా అదే ఊపులో విస్తరించింది. సూదుల ద్వారా ఎయిడ్స్ క్రిమి సోకినవారి సంఖ్య అక్కడ బాగా పడిపోయింది. అమ్మేవాడికి మాత్రం అక్కడా జైలే. ఒరెగాన్‌లో జైలు తలుపు మూశారు కాని ఆసుపత్రి తలుపు తెరవడం ఆలస్యం చేశారు.

మన చట్టంలోనూ అటువంటి తలుపు ఒకటి ఉంది. 64–ఎ సెక్షన్ ప్రకారం, వ్యసనానికి లోనైనవాడు వాడినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గర ఉన్నందుకో కేసులో చిక్కినప్పుడు, తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడి దాన్ని పూర్తి చేస్తే, విచారణ నుండి విముక్తి పొందవచ్చు. మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుంది. ఇది ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? పట్టుబడిన కుర్రవాడికి ఈ మాట మొదట చెప్పవలసింది పోలీసు ఠాణాలోనే. చెప్పినా చేర్చడానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో నాలుగు మంచాలు, ఒక వైద్యుడు ఉండాలి. ఠాణాల కోసం, జైళ్ళ కోసం పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించడం ప్రభుత్వాలకు అసాధ్యమేమీ కాదు. వ్యసనం నుండి బయటపడగోరేవారి కోసం కేంద్ర ప్రభుత్వం 14446 అనే ఉచిత ఫోను నంబరును నడుపుతున్నది. గంజాయి నేరమని చెప్పే బోర్డు ఉన్న ప్రతిచోటా, దాని కిందనే ఈ నంబరును కూడా అంత పెద్ద అక్షరాలతో, ఆ ఊరివారు చదవగలిగిన భాషలో రాయించాలి.