ఖరీదు దేనికి పెట్టాలి?
రాజమండ్రి తాడితోటలో మహాత్మాగాంధీ హోల్‌సేల్ వస్త్ర సముదాయం ఉండగా, రోజువారీ కట్టుబట్టకు వేలకు వేలు పోయడం అనవసరమంటాను. మన గోదావరి జిల్లాల ఉక్కపోతకు కావలసింది చెమట పీల్చే నూలు బట్ట. జేబు మీద పెద్ద కంపెనీ గుర్తు ఉన్నంత మాత్రాన ఒంటికి చల్లదనం రాదు. ఉప్పాడ జాందానీ చీర దగ్గరికొచ్చేసరికి మాత్రం నా లెక్క వేరు. అక్కడ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని, మామూలు పేక కాక ప్రతి బుటాకూ విడిగా ఇంకో పోగును చేత్తోనే పడుగులోకి చొప్పిస్తారు. పనితనాన్ని బట్టి ఒక్క చీరకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఈ నేతకే. అదే డిజైను మరమగ్గం మీద నేసి ఉప్పాడ పేరుతోనే చవగ్గా అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. చీర తిరగేసి చూడండి: అసలు జాందానీలో బుటా రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, నకలుకు వెనక కత్తిరించిన పోగులు లేచి కనబడతాయి. పెళ్లికని నాలుగు ఫ్యాన్సీ చీరలు కొనే డబ్బుతో ఒక్క జాందానీ తీసుకోండి. జాగ్రత్తగా మడత మార్చి దాచుకుంటే తల్లి కట్టింది కూతురూ కడుతుంది. షోరూములో మనమిచ్చే ధరలో అద్దె, ప్రకటనల ఖర్చు కూడా కలిసే ఉంటాయి. అందుకే వీలైనవాళ్లు కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉప్పాడ వెళ్లి, నేసినవాళ్ల ఇంట్లోనే కొనండి, గీసి గీసి బేరమాడకుండా.