తిననివాడిది పొగరు కాదు

మెస్‌లో ఎవరైనా కంచంలో అన్నం వదిలేస్తే మనం అనే మాట ఒకటే. "ఇంటిదగ్గర ఏం తిని పెరిగావురా, ఇక్కడ పొగరు చూపిస్తున్నావ్?" ఆరో తరగతిలో నన్ను అన్నారు. పోయినేడు మా గదిలో చిన్న తమ్ముణ్ణి నేనూ అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ తమ్ముడు రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఇంటిమీద బెంగ అనుకున్నాం. బెంగ ఉంటుంది, కాదనను. చోడి అంబలి, సామన్నం తిన్న నోటికి రోజూ తెల్లన్నం, నీళ్ళపప్పు వెంటనే ఎక్కవు. నాకు దసరా దాకా ఎక్కలేదు. కానీ బెంగైతే మెల్లగా తగ్గాలి కదా! వాడికి తగ్గలేదు. కళ్ళు పాలిపోయాయి. మెట్లెక్కితే ఆయాసం. చాటుగా సుద్దముక్కలు కొరికేవాడు. ఆసుపత్రిలో పరీక్షలు చేస్తే రక్తం తక్కువ, కడుపులో కొంకిపురుగులు.

కొంకిపురుగు ఎక్కువగా అరికాలి నుంచి ఎక్కుతుంది. బయటికి కూర్చునే చోట తడి మట్టిలో దాని పిల్లలుంటాయి. ఉత్తకాళ్ళతో తొక్కితే చర్మంలోంచి దూరి, చివరికి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. రక్తం తగ్గితే ఆకలి చస్తుంది. తినకపోతే రక్తం ఇంకా తగ్గుతుంది. ఇందులో పొగరెక్కడుంది?

2015లో నులిపురుగుల నివారణ దినం మొదలైంది. ఫిబ్రవరి 10న 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మనలో కొందరు దాన్ని కిటికీలోంచి విసిరేస్తారు (పేర్లు రాయను, వాళ్ళకే తెలుసు). వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది, ఆ పూట అన్నం సహించదు. తిన్నాకే వేసుకోండి. సాయంత్రం గేటు దగ్గర కారం ప్యాకెట్లు తిని రాత్రి ఆకల్లేదనేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి మందక్కర్లేదు. ఆదివారం కోడికూర రోజు అందరికీ ఆకలేస్తుందని వంటమ్మ నవ్వుతుంది, అదీ నిజమే.

అయితే జ్వరంతో పాటు అన్నం సహించకపోతే మలేరియా కావచ్చు. కళ్ళు పచ్చబడితే కామెర్లు. అప్పుడు దాచుకోకుండా వెంటనే నర్సమ్మకి చెప్పాలి.

వార్డెన్ సారూ, మీకో మనవి. వరుసగా మూడు రోజులు అన్నం వదిలేసినవాళ్ళ పేర్లు లీడరు రాసుకుని నర్సమ్మకివ్వాలి, శిక్షకోసం కాదు. మరుగుదొడ్లలో నీళ్ళు రాకపోతే మేం పొదల్లోకే పోతాం. మాలో చాలామందికి చెప్పులు తెగిపోయాయి. ఇవి బాగుచేయకుండా మాత్ర ఎన్నిసార్లిచ్చినా పురుగు మళ్ళీ వస్తుంది. వారంలో ఒక పూట చోడి అంబలి పెట్టించినా చాలు, కొత్తగా వచ్చిన పిల్లలకి ఇల్లు కనిపిస్తుంది.

ఆ తమ్ముడు మందులు వాడి కోలుకున్నాడు. ఇప్పుడు రెండోసారి అన్నానికి లైన్లో నాకంటే ముందుంటాడు. అప్పుడు అన్న మాటకి నేనింకా వాడికి సారీ చెప్పలేదు. రోజూ ఈ గోడ దగ్గర ఆగి చదువుతాడు కాబట్టి ఇక్కడే రాశాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థి